మెయ్‌నూత్ బాట, గిరిగారి చదువు



ఐర్లాండు దేశపటంలో డబ్లిన్ నగరానికి పడమరగా, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెయ్‌నూత్ పట్టణాన్ని వెదకండి. 1795లో స్థాపించిన కళాశాల వలన ఈ చిన్న పట్టణం ప్రసిద్ధి పొందింది.

నూరేళ్ల క్రితం ఐర్లాండు కూడా మన పూర్వుల దేశంవలె ఆంగ్లేయుల పాలనలో ఉండేది. మెయ్‌నూత్‌లో డోనల్ వ బూకలా అనే వర్తకుడు తన సరుకుల బండిపై పేరును ఐరిష్ లిపిలో వ్రాయించాడు. అది చట్టవిరుద్ధమని న్యాయస్థానం ఆయనకు జరిమానా విధించింది. తెలుగు తరగతిలో మీ పేరును తెలుగులో వ్రాసినప్పుడు ఆ వర్తకుని ఒకసారి తలచుకొనండి. అదే పట్టణపు కళాశాలలో 1912–13 కాలంలో ఈమన్ డి వలేరా గణితం బోధించారు. ఈయన తరువాత ఐర్లాండు అధ్యక్షులయ్యారు.

1913లో బరంపురం నుండి ఒక తెలుగు యువకుడు న్యాయశాస్త్రం చదువుటకు డబ్లిన్ చేరాడు. ఇంకా ఇరవై యేళ్లు నిండలేదు. ఆయనే వరాహగిరి వేంకటగిరి. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో యజమానులు, సంఘాన్ని విడువని కార్మికులను పనిలోనికి రానీయక తలుపులు మూసివేశారు. సుమారు ఇరవై వేలమంది జీతం లేక నెలల తరబడి ఆకలితో పోరాడారు. వారి నాయకులలో జేమ్స్ కానలీ ఒకరు.

గిరిగారికి డి వలేరా, కానలీ మొదలైన జాతీయ నాయకులతో పరిచయం కలిగింది. గొప్పవారిని చూచి సంతోషించుటతో ఆయన ఆగిపోలేదు. పనిచేసేవారు ఒక్కటైతేనే వారి మాటకు విలువ కలుగుతుందని కానలీ నుండి గ్రహించారు. దక్షిణాఫ్రికాలోని భారతీయులపై జరుగుచున్న అన్యాయాలను వివరించే చిన్న పుస్తకాన్ని తోటి విద్యార్థులతో కలిసి వెలువరించారు. అక్కడి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. మలయా తోటలలో చెమటోడ్చిన మన ముత్తాతల వంటివారే వారు! ఆ పుస్తకం వలన పోలీసుల దృష్టి విద్యార్థులపై పడింది.

1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో స్వాతంత్ర్య తిరుగుబాటు మొదలైంది. బండిపై పేరు వ్రాయించిన ఆ వర్తకుడే కొద్దిమంది మెయ్‌నూత్ వాసులను వెంటబెట్టుకొని, నడిచి డబ్లిన్ చేరి పోరాటంలో కలిశాడు. తిరుగుబాటు అణచివేయబడింది. గిరిగారు చదివిన విశ్వవిద్యాలయ కళాశాలలో ఆంగ్లం బోధించిన థామస్ మెక్‌డొనాను, కానలీని మే నెలలో కాల్చి చంపారు. గిరిగారు కూడా అనుమానానికి గురై, దేశం విడిచి పొమ్మన్న ఉత్తర్వు అందుకొన్నారు. బారిస్టరు పట్టాతో స్వదేశం చేరారు.

న్యాయవాదిగా ధనం గడించి సుఖంగా ఉండవచ్చును. కాని ఆయన జాతీయోద్యమంలో చేరి కారాగారానికి వెళ్లారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. 1952లో కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా ఉన్నారు. 1973 వరకు ఐర్లాండు అధ్యక్షపదవిలో ఉన్నవారు ఎవరో తెలుసా? మెయ్‌నూత్‌లో గణితం చెప్పిన డి వలేరాయే!

మీలో కొందరు రేపు పరదేశాలకు చదువుకొనుటకు వెళ్లవచ్చు. అక్కడ పెద్దవారిని కలిసే భాగ్యం కలిగితే, వారి పక్కన నిలబడి ఫొటో తీయించుకొనుటతో తృప్తి పడకండి. వారు ఎవరికొరకు శ్రమించారో అడిగి తెలుసుకొనండి.

కొత్త పదాలు
ఒప్పంద కూలీ: నిర్ణీత కాలం పనిచేయుటకు ఒడంబడిక వ్రాసి ఇచ్చిన కూలీ
ఉత్తర్వు: ప్రభుత్వపు ఆజ్ఞ
సంఘటితం చేయు: ఒక్కటిగా కూర్చు

అభ్యాసం
1. మెయ్‌నూత్ వర్తకునికి జరిమానా ఎందుకు విధించారు?
2. గిరిగారు కానలీ నుండి ఏమి గ్రహించారు?
3. మీ తాతమ్మగాని, తాతయ్యగాని ఏ తోటలో ఏ పని చేశారో ఇంటిలో అడిగి, ఐదు వాక్యాలు వ్రాయండి.