కొక్కెం కూడా బరువే

బుజ్జీ,

నీ చెక్క ఎరకు, అదే నీ నీడిల్‌ఫిష్ లూర్‌కు, తోకనున్న మూడు మొనల ట్రెబుల్ తీసేసి ఒంటి మొన సింగిల్ కొక్కెం పెట్టినందుకు నిన్నేమీ అననులే, మంచి పనే చేశావు. ఆ తర్వాత లూర్ ముక్కు కిందికి పెట్టి మునుగుతోందని, "ముందు కొక్కేన్ని కాస్త వెనక్కి జరిపితే సరిపోతుందా పెదనాన్నా?" అని అడిగావు చూడు, దానికి జవాబు: సరిపోదు. ఎందుకు సరిపోదో మెసేజీలో రెండు ముక్కలు రాస్తే సగం చదివి డ్రిల్లు పట్టుకుని గరాజ్‌లోకి పరిగెడతావు. నీ సంగతి నాకు తెలియదా? అందుకే ఇంత ఉత్తరం. చివరిదాకా చదివేవరకూ డ్రిల్లు ముట్టుకోకు.

నీ లూర్ పొడవు ఏడంగుళాలు. నడుము మూడున్నర దగ్గర. కావడి మోసేవాడికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు: భుజం పక్కన కట్టిన బరువుకంటే బద్ద చివర వేలాడే బరువే ఎక్కువ లాగుతుంది. నువ్వు తీసేసిన ట్రెబుల్‌కీ పెట్టిన సింగిల్‌కీ తేడా నాలుగు గ్రాములనుకుందాం. నాలుగు గ్రాములేగా అనుకున్నావు. కానీ అది నడుముకు మూడున్నర అంగుళాల దూరంలో పోయిన బరువు. నాలుగును మూడున్నరతో హెచ్చవేస్తే పద్నాలుగు. ఇప్పుడు నువ్వు పూడ్చాల్సింది ఈ పద్నాలుగు.

ముందు కొక్కెం జరిపి పూడ్చగలవా, చూద్దాం. అది ఎనిమిది గ్రాములుందనుకో. అరంగుళం వెనక్కి జరిపితే దక్కేది నాలుగు. పద్నాలుగు రావాలంటే అంగుళం ముప్పావు జరపాలి. ఇప్పుడది ముక్కు నుంచి రెండుంబావు అంగుళాల దగ్గరుంది కదా, జరిపితే నాలుగు అంగుళాల దగ్గరికి, అంటే నడుము దాటి అవతలికి పోతుంది. అక్కడ వేలాడే ట్రెబుల్ వెనక్కి ఊగితే తోక కొక్కేన్ని అందుకుంటుంది. రెండూ చిక్కుపడ్డ లూర్‌ను రాత్రంతా విసిరినా చేప పడదు, చీకట్లో ఆ చిక్కు నీకు కనబడదు కూడా. పైగా తల దగ్గర కొక్కెమే లేకుండా పోతుంది. మనం పట్టే స్ట్రైపర్ చేప ఎరను సాధారణంగా తలవైపు నుంచే మింగుతుంది. నీ చేపల్ని పట్టేది ఎక్కువగా ఆ ముందు కొక్కెమే. బ్యాలెన్స్ కోసం దాన్ని బలిపెడతానంటే నేనొప్పుకోను.

మరి చేతిలో ఉన్న ఈ లూర్ సంగతేంటి? పోయిన బరువును పోయిన చోటే పెట్టు. సింగిల్ కొక్కెం కాడకు సన్నని సీసపు తీగ చుట్టు, నాలుగు గ్రాములు తూచి మరీ చుట్టు. పైన దారంతో బిగించి, దానిమీద బక్‌టైల్, అంటే జింక తోక వెంట్రుకలు, కట్టేయ్. అవి బరువుకు లెక్కలోకి రావు. నీళ్లలో వెనక్కి లాగి తోకను కుదురుగా ఉంచుతాయి, అంతే. కొత్త రంధ్రం అక్కర్లేదు, పాతదాన్ని పూడ్చే పనీ లేదు.

ఇక అసలు మాటకొస్తాను. నువ్వు చెక్క చెక్కావు, బొమ్మలో చూపించిన చోట రంధ్రాలు చేసి సీసం పోశావు, రంగేశావు, చివరికి కొక్కేలు తగిలించావు. అందరూ చేసేదిదే. నేను దీనికి పూర్తిగా విరుద్ధం, మీ అమ్మనడుగు, ఈ విషయంలో ఎంతమందితో వాదన పెట్టుకున్నానో చెబుతుంది. కొక్కెం ఆఖర్న పెట్టే నగ కాదమ్మా. చెక్క బయట, అన్నిటికంటే కింద వేలాడే బరువు అదే. లూర్ పక్కకు దొర్లకుండా ఆపేదీ అదే. నీళ్లలో ఉక్కు తన బరువులో ఎనిమిదో వంతు మాత్రమే పోగొట్టుకుంటుంది, మిగతా అంతా లూర్‌ను కిందికి లాగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు కొక్కేలు నిర్ణయించు. తర్వాత వాటి చోటు. ఆ రెండూ అయ్యాకే సీసం ఎంత, ఎక్కడ అని ఆలోచించు. కొక్కేలు మిగిల్చిన లోటు తీర్చడానికే సీసం.

వేరే లూర్లలో ఇంత పట్టింపు నాకూ లేదు. మూతి కింద ప్లాస్టిక్ రెక్క ఉన్నదైతే చిన్నాచితకా తప్పుల్ని ఆ రెక్కే సర్దేస్తుంది. నీడిల్‌ఫిష్‌కు ఆ దిక్కు లేదు. పుల్లలా తిన్నగా వస్తుంది, దానికంటూ ఆట లేదు. అదే దాని అందం. ఇసుకలో దూరి దాక్కునే శాండ్ ఈల్ అనే సన్నని చేప కూడా పెద్ద హడావుడి లేకుండానే ఈదుతుంది. 1980ల మొదట్లో రోడ్ ఐలాండ్ దగ్గరి బ్లాక్ ఐలాండ్‌లో చలి ముదిరిన రాత్రుల్లో పెద్ద పెద్ద స్ట్రైపర్లు ఈ పుల్లలకే పడ్డాయి. నీడిల్‌ఫిష్‌కు పేరొచ్చింది అప్పుడే. లాంగ్ ఐలాండ్‌లో డాన్ ముస్సో సూపర్ స్ట్రైక్ పేరుతో చేసిన ప్లాస్టిక్ నీడిల్‌ఫిష్ దొరికితే ఒకటి కొనుక్కో. చేపల కోసం కాదు, బకెట్‌లో వేసి ఎలా మునుగుతుందో చూడ్డానికి.

బకెట్ అన్నాను కాబట్టి చెబుతున్నా: నువ్వు స్నానాల తొట్టిలో మంచినీళ్లు పట్టి చూశావట. నలభై ఘన సెంటీమీటర్ల లూర్‌ను మంచినీళ్లు నలభై గ్రాముల బలంతో పైకి తోస్తే, సముద్రం నలభై ఒకటితో తోస్తుంది. ఆ ఒక్క గ్రాముతోనే తొట్టిలో మెల్లగా మునిగింది సముద్రంలో తేలిపోవచ్చు. ఇరవై లీటర్ల బకెట్‌లో ఆరువందల గ్రాముల పైచిలుకు ఉప్పు కలుపు. వంటింట్లో ఉప్పు ప్యాకెట్ ఖాళీ అయిందని మీ అమ్మ అరిస్తే నా పేరు చెప్పు. చెక్కకు సీలర్ పట్టించి ఆరాక, చెక్క లోపలి తీగ, కొక్కెం వేలాడే స్వివెల్, స్ప్లిట్ రింగులు, కొక్కేలు అన్నీ పెట్టి, సీసం ముక్కల్ని బయటే రబ్బరు బ్యాండుతో కట్టి వదులు. ముక్కలు అటూ ఇటూ జరుపుతూ చూడు. అడ్డంగా గానీ, తోక ఒక పిసరు కిందికి గానీ మునిగితే చాలు, ముక్కు మాత్రం ముందు మునగకూడదు. సెకనుకు అడుగు చొప్పున దిగితే మన తీరానికి బాగుంటుంది. అప్పుడు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని రంధ్రాలు చెయ్యి. రంగూ ఎపాక్సీ కూడా బరువేనని మరిచిపోకు.

సీసమంతా నడుము దగ్గర ఒక్కచోటే పోయకు. అలా చేస్తే అలలో ముక్కూ తోకా ఊగుతూనే ఉంటాయి. రెండు మూడు చోట్ల పంచితే కుదురుగా ఉంటుంది. తోకవైపు కాస్త ఎక్కువుంటే గాలికి ఎదురు విసిరినా బాణంలా తోక ముందుపెట్టి పోతుంది, గిరికీలు కొట్టదు.

ముందు కొక్కేనికి చోటు చూసేటప్పుడు కొలత ఒక్కటే. స్వివెల్, రింగు, కొక్కెం కలిపి చాచి ఎంత దూరం అందుతుందో స్కేలుతో కొలువు. ముక్కు నుంచి ఆ దూరానికి అరంగుళం కలిపిన చోట రంధ్రం చెయ్యి. అంతకంటే ముందుకు పెడితే విసిరినప్పుడు కొక్కెం వెళ్లి ముక్కుకు కట్టిన లీడర్ దారాన్ని పట్టుకుంటుంది. వెనక్కి చాచినప్పుడు తోక కొక్కేనికీ దానికీ మధ్య వేలు పట్టేంత సందుండాలి. సందు లేకపోతే కొక్కెం సైజు తగ్గించు, లేదా చెక్క పొడవు పెంచు. రెండూ కుదరకపోతే ఆ లూర్ చెయ్యకు.

తోకకు సింగిల్ పెట్టడం మంచి పనేనని మొదట్లోనే అన్నాను కదా. 2023లో వచ్చిన నియమం ప్రకారం మన తీరంలో స్ట్రైపర్‌లో 28–31 అంగుళాల మధ్యది, అదీ రోజుకొక్కటే ఇంటికి తెచ్చుకోవాలి. కాబట్టి నువ్వు పట్టేవాటిలో చాలామటుకు తిరిగి నీళ్లలోకే పోవాలి. ముందు ట్రెబుల్ నోట్లో ఉండగా వెనక ఇంకో మూడు మొనలు ఊగుతుంటే అవి దాని కంట్లోనో మొప్పలోనో దిగుతాయి, లేదా నీ చేతిలో దిగుతాయి. అన్ని మొనల ముళ్లూ ప్లయర్‌తో నొక్కెయ్. గాలం దారాన్ని బిగువుగా ఉంచితే చేప ఎక్కడికీ పోదు.

నీళ్లలో దిగడానికి వేసుకునే వేడర్స్‌కు బెల్టు పెట్టుకోకుండా రాత్రిపూట ఒక్కదానివే నీళ్లలో దిగుతున్నావని మీ అన్నయ్య చెప్పాడు. దాని గురించి ఫోన్‌లో విడిగా మాట్లాడతాను, సిద్ధంగా ఉండు.

వచ్చే లూర్‌కు చెక్క కొయ్యక ముందే కొక్కేలూ, రింగులూ, స్వివెల్ కాటా మీద తూచి ఆ అంకెలు నాకు పంపు. అవి రానిదే సీసం గురించి ఒక్క మాట కూడా చెప్పను.

పెదనాన్న