పుట్టింగల్ మృతులను తలుచుకుందాం: అగ్నికి పరిధి ఎందుకు గీస్తారు?

హోమం మీద చేసిన వీడియో చూసి ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అన్నా, గుడి ఉత్సవంలో ప్రమాదం జరిగి చనిపోయినవాళ్లు నేరుగా అమ్మవారి దగ్గరకే వెళ్తారా?" రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ రాత్రి ఏం జరిగింది?

కేరళలో కొల్లం జిల్లా పరవూర్‌లో పుట్టింగల్ దేవి ఆలయం ఉంది. 2016 ఏప్రిల్ 10, తెల్లవారుజామున 3.30 ప్రాంతం. మీన భరణి ఉత్సవం. వేలమంది బాణసంచా చూస్తున్నారు. ఒక నిప్పురవ్వ వల్ల బాణసంచా నిల్వచేసిన గది అంటుకుని పేలిపోయింది. కాంక్రీటు పెళ్లలు ఎగిరొచ్చి జనం మీద పడ్డాయి. 100 మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు.

పోటీ బాణసంచాకు జిల్లా అధికారులు అనుమతి ఇవ్వలేదు. గుడి పక్కన ఉండేవాళ్ల ఫిర్యాదులూ ఉన్నాయి. అయినా కాల్చారు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 12న, పెద్ద శబ్దం చేసే బాణసంచాను రాత్రిపూట కాల్చకూడదని కేరళ హైకోర్టు ఆదేశించింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. వాళ్ల గతి చెప్పేటంత వాడిని కాను. ఒక్కటి మాత్రం చెప్పగలను. "అమ్మ సన్నిధిలో పోయాడు" అని బిడ్డను పోగొట్టుకున్న తల్లి అనుకుంటే అది ఆమెకు ఓదార్పు. అదే మాట మనం అంటే, జాగ్రత్త తీసుకోనివాళ్లకు అది సాకు అవుతుంది.

శాస్త్రం అగ్నిని ఎలా చూసింది?

హోమం జరిగేటప్పుడు ఈసారి గమనించండి. ఆహుతులు వేయకముందే గుండానికి మూడు వైపులా సమిధలు పెడతారు. వాటిని పరిధులు అంటారు. తూర్పు వైపు కాపలా సూర్యుడిది. తర్వాత చుట్టూ నీళ్లు తిప్పుతారు, అది పరిషేచనం. "పరిధి దాటకు" అని మనం రోజూ అనే మాట ఇదే! అగ్ని దేవుడే. అయినా ముందు హద్దు గీసి, నీళ్లు దగ్గర పెట్టుకున్నాకే పిలిచారు మన పెద్దలు. అంటే జాగ్రత్త భక్తికి అడ్డం కాదు, పూజలో అదే మొదటి మెట్టు.

మరి మనం ఎలా తలుచుకోవాలి?

తర్పణాల్లో సొంత పితృదేవతలకే కాదు, నా అన్నవాళ్లు లేనివారికి కూడా నీళ్లు వదులుతారు. బ్రహ్మ నుంచి గడ్డిపోచ దాకా అందరికీ అందులో చోటుంది. ముక్కూమొహం తెలియని పరవూర్ వాళ్లు కూడా మనవాళ్లే అన్నమాట. కానీ తండ్రి ఉన్నవాళ్లు సాధారణంగా తర్పణం చేయరు. మీలో చాలామంది అంతే కదా. ఏప్రిల్ 10న ఒక దీపం పెట్టి, ఒక్క నిమిషం మౌనంగా కూర్చోండి. అది చాలు.

ఆ తర్వాత ఒక పని చేయండి. మీ కాలనీలో పందిరి వేసినా, హోమం పెట్టినా కమిటీవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. బయటికి రెండో దారి ఉందా? నీళ్లు, ఇసుక ఎక్కడున్నాయి? మంటకి దగ్గర్లో అంటుకునేవి ఏమున్నాయి?

ఇది ఎవరికో చెప్తున్న నీతి కాదు. పోయిన కార్తీక పౌర్ణమికి మా అపార్ట్‌మెంట్‌లో షామియానా కింద అందరం 365 వత్తులు వెలిగించాం. బయటివాళ్లు రాకూడదని వెనక గేటుకి తాళం వేయించింది నేనే. ఏమీ జరగలేదు. ఫొటోలు బాగా వచ్చాయి. కానీ ఆ తాళంచెవి అప్పుడు ఎవరి దగ్గరుందని ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈ కార్తీకానికి ఆ గేటు తెరిచే ఉంటుంది. పుట్టింగల్ వాళ్లకి నేను వదిలే నీళ్లు అవే.

శుభం భూయాత్.