ఏ మాక్రో లెన్స్ కొందాం?

కెమెరాతోపాటు వచ్చిన 18–55 లెన్స్‌తో ఇన్నాళ్లూ బాగానే నెట్టుకొచ్చాం. ఇప్పుడేమో మందారం కేసరాల మీది పుప్పొడి విడివిడిగా కనపడాలనిపిస్తోంది. అమ్మమ్మ కాసులపేరులో ఒక్క కాసు మీది లక్ష్మీదేవి ఫొటో నిండా రావాలనిపిస్తోంది. తీరా మాక్రో లెన్స్ కొందామని కూర్చుంటే 40 నుంచి 180 దాకా ఏవేవో నంబర్లు, గుండె గుభేల్మనే ధరలు! ఒకటి కొన్నాక ‘అయ్యో, ఇంకోటి తీసుకోవాల్సింది’ అనిపిస్తుందేమోనని బెంగ. అంతే కదూ? టీ చల్లారేలోపు తేల్చేద్దాం, ఇలా కూర్చో.

ముందు పేరు చూసి పడిపోకు. మామూలు జూమ్‌ల మీద కూడా ‘మాక్రో’ అని రాసేస్తుంటారు. అసలైన మాక్రో అంటే 1:1. సెంటీమీటరు పొడవున్న పురుగు సెన్సర్ మీద కూడా సెంటీమీటరు పొడవునా పడాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పే 36 ఎంఎం కదా, మరి ఆ పురుగు ఫొటోలో ఎంత పెద్దగా కనిపిస్తుందో ఊహించుకో! అందుకే వివరాల్లో మాగ్నిఫికేషన్ ఎంతో చూడు. 1x ఉంటే సరే. 0.25x అంటే పావు వంతే, దానికి మాక్రో ధర పెట్టక్కర్లేదు.

‘వీటిలో ఏది షార్ప్‌గా వస్తుందక్కా?’ అంటావు. పేరున్న మాక్రో లెన్సులన్నీ షార్ప్‌గానే ఉంటాయమ్మా, ఆ బెంగ వదిలెయ్. మనం అడగాల్సింది దూరం గురించి. 1:1 రావాలంటే 60 ఎంఎం లెన్స్ మూతి పురుగుకి ఐదు నుంచి పది సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. 100 ఎంఎం అయితే 13, 14 సెంటీమీటర్ల దూరం దొరుకుతుంది. 180 అయితే జానెడు పైనే. ఇంకో మెలిక ఉంది. లెన్స్ వివరాల్లో రాసే కనీస దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు, లెన్స్ మూతి నుంచి కాదు. 30 సెంటీమీటర్లని చూసి మురిసిపోతే, అందులో సగానికి పైగా కెమెరా, లెన్సే తినేస్తాయి.

మరి నీకెంత దూరం కావాలి? ఆరుద్ర కార్తెలో తొలి వానలకి బయటికొచ్చే ఆరుద్ర పురుగు ఉంది చూడు, ఆ ఎర్ర మఖమల్ బుజ్జిది. దానికి రెక్కలు లేవు, ఎగిరిపోదు. నేల మీద బోర్లా పడుకునే ఓపికుంటే 60తోనే తీసెయ్యొచ్చు. కంచె మీది తూనీగ అలా రానిస్తుందా? దానికి 100 కావాలి. నగలు పారిపోవు గానీ, 60తో మరీ దగ్గరికెళ్తే లెన్స్ నీడ కాసు మీదే పడుతుంది, బంగారంలో కెమెరా ప్రతిబింబం కూడా తేలుతుంది. పూలకీ వంటకాలకీ 60 హాయి. బరువు తక్కువ, ధరా తక్కువే. 180 బరువూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే, ఇప్పుడే వద్దులే. ఎటూ తేల్చుకోలేకపోతే 90 నుంచి 105 లోపు ఒకటి తీసుకో. పిల్లల ముఖాలు తీయడానికీ అది చక్కగా పనికొస్తుంది.

ఫొటోలు మసకబారితే నీ చేతిని తిట్టుకోకు. 1:1 దగ్గర ఎఫ్11 పెట్టినా ముందువెనకలుగా మిల్లీమీటరుకి కాస్త పైన మాత్రమే స్పష్టంగా వస్తుంది. తూనీగ కన్ను కుదిరితే రెక్క కుదరదు, అది అందరికీ ఉన్న తంటాయే. అంత దగ్గరలో ఆటోఫోకస్ తడుముకుంటుంది, కదలికను సర్దే స్టెబిలైజేషన్ కూడా మామూలుగా చేసినంత సాయం చెయ్యదు. ఫోకస్‌ని ఒకచోట పెట్టేసి, నువ్వే మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతూ వరసగా నాలుగైదు తియ్. వెలుతురు కూడా రెండు స్టాపులు తగ్గిపోతుంది కాబట్టి చిన్న ఫ్లాష్ కొనుక్కుని, దాని ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టుకో.

డబ్బు చాలదంటావా? 50 ఎంఎం లెన్స్ ఉంటే, దానికీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ బిగించుకో. లోపల గాజు ఏమీ ఉండదు, ఉత్త గొట్టమే. 25 ఎంఎం ట్యూబ్‌తో సగం సైజు వచ్చేస్తుంది. అయితే లోపల కాంటాక్టులున్నది అడిగి తీసుకో. అవి లేకపోతే చాలా లెన్సులకి కెమెరా నుంచి అపర్చర్ మార్చలేం. సెకండ్ హ్యాండ్ లెన్స్ అయితే ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడు. సాలెగూడులాంటి ఫంగస్ కనిపిస్తే మొహమాటపడకుండా తిరిగిచ్చెయ్. నికాన్ 3000, 5000 సిరీస్ డీఎస్‌ఎల్‌ఆర్ నీ దగ్గరుంటే, పాత ఏఎఫ్-డి లెన్సులకి ఆటోఫోకస్ రాదని గుర్తుంచుకో.

ఇక ఆలోచించింది చాలు. రేపు ఎండ ఎక్కకముందే, చలికి పురుగులు మందకొడిగా ఉన్నప్పుడే, పిల్లల స్కేలొకటి పట్టుకుని పెరట్లోకెళ్లు. నువ్వు తీయాలనుకున్నది నిన్ను ఎంత దూరం దాకా రానిస్తుందో చూసుకో. షాపులో ఆ దూరం చెప్పి, లెన్స్‌ని నీ కెమెరాకే తగిలించి ఇవ్వమని అడుగు. మిగిలిన డబ్బులతో ఫ్లాష్ కొనుక్కో. కొత్త బ్యాగు కొన్నావో, ఊరుకోను!