చిన్న డాక్టరుకు, తాగేవాళ్ల గురించి

తాగుడు ఎక్కువైన మనిషి డాక్టరు దగ్గరికి తాగుడు పేరు చెప్పుకుని రాడు. గ్యాస్ అంటాడు, నిద్ర పట్టడం లేదంటాడు, మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదంటాడు. మద్యం మాన్పించే ఆస్పత్రి గడప తొక్కనివాడు కూడా ఊరి డాక్టరు ముందు అప్పుడప్పుడూ కూర్చుంటాడు. అందుకే "చెప్పినా వినరు, చెప్పడం దండగ" అని చిన్న డాక్టరు పోయిన ఉత్తరంలో రాసిన మాట ఈ ఇంటి పెద్దాయనకు రుచించలేదు.

ముందు అడగాలి. బీపీ చూస్తూనే, అందరినీ అడిగినట్టే, భార్య ఎదుట కాకుండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టీ ఉంది. 40కి 8 వచ్చినా పట్టించుకోవాల్సిన కేసే. 20 గానీ అంతకుమించి గానీ వస్తే నిపుణుల దగ్గరికి పంపాలి. తీరిక లేకపోతే మొదటి మూడు ప్రశ్నలు చాలు.

కిటుకంతా కొలతలో ఉంది. "రెండు పెగ్గులే సార్" అన్న మాటను అలాగే రాసుకోకూడదు. ఇంట్లో పోసుకునే పెగ్గుకు కొలతేమిటి? సీసా ఎంతది, ఎంతమంది పంచుకుంటారు, ఎన్నాళ్లకు ఖాళీ అవుతుంది అని అడగాలి. 42.8 శాతం విస్కీ 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టరు అంటే 60 గ్రాములు. "బీరే కదా" అనేవాడికి, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో సుమారు 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుందని కాగితం మీద లెక్కేసి చూపాలి. డాక్టరుగా ఉన్న రోజుల్లో పెద్దాయన టేబుల్ మీద స్టీలు గ్లాసు, నీళ్ల జగ్గు, 10 మి.లీ. దగ్గుమందు మూత ఉండేవి. రోజూ పోసుకున్నట్టే నీళ్లు పొయ్యమని, మూతతో కొలిపించేవాడు. ఎనిమిదో మూత దగ్గర నవ్వు ఆగిపోయేది. ఆ గ్లాసు సంగతి వందసార్లు విన్నదే అయినా చిన్న డాక్టరు ఇంకోసారి వినాలి.

ఆ తరవాత తిట్టకుండా, అతను చెప్పిన బాధకూ తాగుడుకూ ముడిపెట్టి చెప్పాలి. వారంలో రెండు రోజులు మానడమా, గ్లాసు తగ్గించడమా, అతన్నే తేల్చుకోనివ్వాలి. పక్షం రోజులకు మళ్లీ రమ్మనాలి. పది నిమిషాల పని. 2018లో కాక్రేన్ సమీక్ష తేల్చిందీ ఇదే: ఇలాంటి చిన్న సలహాతో ఏడాది తరవాత వారానికి తాగే ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు తగ్గింది, గంటల కొద్దీ కౌన్సెలింగ్‌తో అదనంగా ఒరిగింది తక్కువే. గోవాలో డాక్టర్లు కాని శిక్షణ పొందిన స్థానికులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాట్లాడితే, మూడు నెలలకు గాడిలో పడినవాళ్లు 36 శాతం; మామూలు చికిత్సతో 26 శాతమే.

అందరికీ ఈ పద్ధతి పనికిరాదు. 1995 మద్యనిషేధం రోజుల్లో వార్డులో ఒక రిక్షా అతను దుప్పటి మీద లేని దారాలు ఏరుతూ కనిపించాడు. అందరూ జ్వరం సంధి అనుకున్నారు. తాగుడు ఆగి మూడో రోజు అది. పొద్దున్నే చేతులు వణికేవాణ్ని, గతంలో ఫిట్స్ వచ్చినవాణ్ని ఒక్కసారిగా మానమనకూడదు. ఆస్పత్రిలో మందుల అండతో మాన్పించాలి, గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్ ఇవ్వాలి. భార్య బతిమాలినా అన్నంలో కలపడానికి తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ రాసివ్వకూడదు. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.