గోపన్న రామదాసైన చోటు

‘నేనెవరు?’ అను ప్రశ్న వేదాంత గ్రంథములలోనే గాక, దుఃఖము కలిగిన ప్రతి ఇంటను ఉదయించును. ఎనిమిదేండ్ల క్రిందట నా కుమారుడు రహదారి ప్రమాదమున కన్నుమూసెను. అంతవరకు ఊరివారికి నేను పంతులుగారిని. ఆనాటినుండి ‘కొడుకు పోయినవాడను’. ఓదార్చవచ్చినవారు ‘పూర్వజన్మ కర్మ’ అనిరి. నేను పూజగది తలుపు మూసితిని.

రెండేండ్ల పిమ్మట గోలకొండ కోటలో రామదాసు బందీఖానాను చూచితిని. చీకటి గది, గోడపై చెక్కిన దేవతామూర్తులు. అచ్చట నిలిచి ఆయన చరిత్రమును తలపోసితిని.

నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న తానీషా కాలమున భద్రాచల ప్రాంతమునకు తహశీలుదారు. మేనమామలైన అక్కన్న మాదన్నలు ఆ కొలువున ప్రముఖులు. ప్రభుత్వ ధనమును ఆలయ నిర్మాణమునకు వినియోగించెనని ఆయనను చెరలో నుంచిరి. 12 సంవత్సరములు అందుండెనని సంప్రదాయము. పదవి పోయినది, గౌరవము పోయినది. రామదాసు అను పేరు నిలిచినది.

ఇచ్చట గమనింపదగినవి మూడు. మొదటిది బాధ. ఆయన దానిని దాచలేదు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో తాను చేయించిన నగలను, వాటికైన మొహరీలను లెక్కచెప్పి స్వామిని నిలదీసెను. దెబ్బల కోర్వలేక తిట్టితినని అందులోనే మన్నింపు వేడెను. రెండవది విశ్వాసము. నిందించుటకైనను వినువాడొకడు ఎదుట ఉండవలెను గదా! మూడవది సంస్కృతి. బిడ్డ తల్లిదండ్రులపై అలిగినట్లు భక్తుడు దేవునిపై అలుగుటను మన పెద్దలు నిందాస్తుతి యని ఆదరించిరి. ఆ త్రోవ ముందే ఉన్నందున ఆయన ఆక్రోశము కీర్తన యైనది. త్యాగరాజస్వామి తమ కృతిలో రామదాసును స్మరించిరి. మన భజన మందిరములలో నేటికిని ఆ కీర్తనలు పాడుచున్నాము.

ఆ రాత్రి ఇల్లు చేరి పూజగది తెరచితిని. మొదట స్వామిని గట్టిగా అడిగితిని, ఏడ్చితిని. పిమ్మట దీపము వెలిగించితిని. దుఃఖము తీరలేదు. కాని ‘కొడుకు పోయినవాడు’ అనునదే నా పూర్తి పేరు కాదని తెలిసినది.

సోదర భక్తులకు నా విన్నపము: శోకములోనున్న వారికి కర్మసిద్ధాంతము బోధింపకుడు. వారు దేవుని నిందించినచో వారింపకుడు. చెంత కూర్చుండి వినుడు. ఆ నిందలోనే భక్తి మిగిలియుండవచ్చును.