బ్రిడ్జ్ కాని బ్రిడ్జ్: ఈ-10 కథ

గ్రాఫ్స్ చాప్టర్‌లో 'బ్రిడ్జ్' గుర్తుందా? ఒక ఎడ్జ్ తీసేస్తే గ్రాఫ్ రెండు ముక్కలైపోతే, ఆ ఎడ్జ్ బ్రిడ్జ్. ల్యాబ్‌లో దీనికి ఉదాహరణ కావాల్సి వచ్చి యూరప్ రోడ్ల మ్యాప్ తెరిచాను. పైకి జరిపేకొద్దీ గీతలు పలచబడిపోయాయి. అక్కడ దొరికింది ఈ-10. ఇక ల్యాబ్ రికార్డ్ పక్కన పెట్టేసి దీని గురించే చదువుతూ కూర్చున్నా. (నాది మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్ గారే దిక్కు.)

నార్వేలో లోఫోటెన్ దీవుల చివర 'ఓ' అనే పల్లెలో ఈ రోడ్డు మొదలవుతుంది. ఊరి పేరు మొత్తం ఒక్క అక్షరమే. అర్థం, వాగు. అక్కడి నుంచి దాదాపు 850 కిలోమీటర్లు వచ్చి, స్వీడన్ తూర్పు తీరంలో లూలియో దగ్గర ఆగుతుంది. యూరప్ లెక్కలో సరి నంబర్లు పడమర-తూర్పు రోడ్లకి, బేసి నంబర్లు ఉత్తర-దక్షిణ రోడ్లకి. ఈ-10 ఆ రూల్ పాటిస్తుంది. దీన్ని కలిసే ఈ-4, ఈ-6 మాత్రం పాటించవు. నంబర్ల పద్ధతి మారినా వాటికి పాతవే ఉంచేశారు. లెగసీ కోడ్ అన్నమాట!

అసలు కథ మధ్యలో, కిరునా-నార్విక్ ముక్కలో ఉంది. కిరునాలో పెద్ద ఇనుప ఖనిజం గని. లూలియో సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది. నార్విక్ ఇంకా ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడి రేవు గడ్డకట్టదు. అందుకే ఖనిజాన్ని కొండలు దాటించడానికి రైలు మార్గం వేశారు. అది 1902లో పూర్తయింది. మరి రోడ్డు? 1984లో! మధ్యలో ఉన్న అబిస్కో 1909లోనే నేషనల్ పార్క్ అయింది, కానీ దశాబ్దాల పాటు అక్కడికి వెళ్ళాలంటే రైలే. ఖనిజం కోసం పడిన తొందర మనుషుల కోసం ఎవరూ పడలేదని నాకనిపించింది.

రోడ్డొచ్చాక కూడా అది ఎప్పుడూ తెరిచే ఉంటుందని కాదు. సరిహద్దు కొండల మీద మంచు తుఫాను వస్తే గేటు వేసేస్తారు. కాస్త తగ్గితే, ముందు మంచు తోసే బండి, వెనక వరసగా కార్లు, లారీలు. అలా గుంపుగానే దాటిస్తారు. గేటు పడితే ఫిన్లాండ్ మీదుగా ఇంకో దారి ఉంది. అందుకే నా ప్రోగ్రామ్ ఈ ఎడ్జ్‌ని 'బ్రిడ్జ్ కాదు' అంటుంది. డెఫినిషన్ ప్రకారం కరెక్టే. కానీ ఆ చుట్టు వందల కిలోమీటర్లు. లారీలో ఉన్న డ్రైవర్‌కి ఈ జవాబు చెప్పి చూడండి!

2023 డిసెంబర్‌లో రైలు వైపు ఇదే జరిగింది. ఖనిజం రైలు పట్టాలు తప్పి లైను రెండు నెలలు మూతపడింది. 2024 ఫిబ్రవరిలో తెరిచిన కొద్ది రోజులకే మళ్ళీ ఇంకో రైలు పట్టాలు తప్పింది. పక్కనే రోడ్డుంది కదా అనుకున్నా. ఒక ఖనిజం రైలుకి 68 వ్యాగన్లు, ఒక్కోదాంట్లో దాదాపు 100 టన్నులు. లారీల లెక్క మీరే వేసుకోండి. ఎడ్జ్ ఉంటే సరిపోదు, కెపాసిటీ కూడా కావాలి. నేను రాసిన కోడ్‌లో ఆ వేరియబులే లేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. నోడ్స్ కదలవనుకున్నాను. కిరునాలో గని తవ్వేకొద్దీ పైన నేల కుంగుతోంది, అందుకని ఊరినే తూర్పుకి జరుపుతున్నారు. ఈ-10ని కూడా కొత్త దారిలోకి మార్చారు. 2025 ఆగస్టులో 672 టన్నుల చెక్క చర్చిని చక్రాల బండి మీద పెట్టి, రెండు రోజుల్లో 5 కిలోమీటర్లు నడిపించారు.

అన్నట్టు, స్వీడన్ వైపు ఆ రోడ్ల పక్కన కొన్నిసార్లు గుంజలకి నల్ల ప్లాస్టిక్ సంచులు కట్టి ఉంటాయట. చెత్త కాదు. దగ్గర్లో రెయిన్‌డీర్ మంద ఉంది, నెమ్మదిగా పొమ్మని కాపరులు పెట్టే గుర్తు.