పాత సామాన్లతో కొత్త దీపం

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నిజాం రైల్వే వారు 1893లో దానిని నెలకొల్పారు. ప్రయాణికుల పెట్టెలు అక్కడికి మరమ్మతులకు వస్తాయి. పరుగెత్తే రైలు పెట్టెలో దీపాలకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

పూర్వం పెట్టె కింద ఇరుసుకు బెల్టుతో ఒక డైనమోను తగిలించేవారు. బండి నడుస్తున్నప్పుడు అది తిరిగి దీపాలను వెలిగిస్తూ, బ్యాటరీలను కూడా చార్జి చేసేది. బండి ఆగినప్పుడు బ్యాటరీలే దీపాలను వెలిగించేవి. ఆ పద్ధతిలో వోల్టేజీ 24 మాత్రమే. 110 వోల్టుల పద్ధతి ఆ తరువాత వచ్చింది. మన ఇళ్లలో ఉండేది 230 వోల్టులు. అంటే దీపం వెలగడానికి ఎక్కువ వోల్టేజీ ఉండి తీరాలన్న నియమం లేదన్నమాట. మనం 4.5 వోల్టులతోనే ఒక దీపం చేద్దాం. అదీ పారేసిన సామాన్లతో!

కావలసిన వస్తువులు

1. విరిగిన బొమ్మ, పాడైన టార్చి లేదా పాత కంప్యూటరు డబ్బా ముందు భాగం నుంచి తీసిన ఎల్.ఇ.డి. దీపాలు: ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి.
2. పాత బొమ్మలోని మూడు సెల్లుల గూడు, 1.5 వోల్టుల సెల్లులు మూడు.
3. పాత రేడియో బోర్డు నుంచి తీసిన 150 ఓముల నిరోధకాలు రెండు. వాటిపై గోధుమ, ఆకుపచ్చ, గోధుమ రంగు పట్టీలు వరుసగా ఉంటాయి.
4. కొన్ని తీగ ముక్కలు, అట్టముక్క, అంటించే టేపు.

బోర్డు నుంచి భాగాలను ఊడదీయడానికి సోల్డరింగ్ ఐరన్ కావాలి. ఆ పని మాస్టారి దగ్గర ఉండి చేయండి. సోల్డరులో సీసం ఉండవచ్చు కనుక పని కాగానే చేతులు కడుక్కోండి. పాత భాగాలు దొరకకపోతే కోఠీ గుజరాతీ గల్లీలో కొత్తవి కొద్ది డబ్బులకే దొరుకుతాయి.

ఒక హెచ్చరిక: టీవీ రిమోటు ముందుండే ఎల్.ఇ.డి. ఈ పనికి రాదు. అది పరారుణ కాంతిని ఇస్తుంది. ఆ కాంతి మన కంటికి కనిపించదు.

నిరోధకం ఎందుకు?

మామూలు ఫిలమెంటు బల్బులో తీగ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. అందువల్ల కరెంటు తనంతట తానే అదుపులో ఉంటుంది. ఎల్.ఇ.డి. అలా కాదు. అది ఒక అర్ధవాహకపు ముక్క. కొంత వోల్టేజీ వచ్చేవరకు అందులో కరెంటు దాదాపు ప్రవహించదు. ఆ హద్దు దాటాక వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిరోధకం లేకుండా మూడు సెల్లులకు కలిపితే ఎర్ర దీపం ఒక్కసారి మెరిసి కాలిపోవచ్చు.

ఆ హద్దు ఎర్ర దీపానికి సుమారు 2 వోల్టులు, తెల్లదానికి సుమారు 3 వోల్టులు. ఎందుకీ తేడా? ఎరుపు కంటే నీలి కాంతికి శక్తి ఎక్కువ. తెల్ల ఎల్.ఇ.డి. లోపల ఉండేది నిజానికి నీలి దీపమే. దానిపై పూసిన పసుపు పదార్థం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది. కంటికి కనిపించే ఎర్ర ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. ప్రకాశవంతమైన నీలి దీపం కోసం మరో మూడు దశాబ్దాలు పట్టింది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

ముందు లెక్క, తరువాత దీపం

మూడు సెల్లులను వరుసగా కలిపితే 4.5 వోల్టులు. ఎర్ర దీపం 2 తీసుకుంటుంది. మిగిలిన 2.5 వోల్టులు నిరోధకం మీద పడాలి. ఓమ్ నియమం ప్రకారం వోల్టులను ఓములతో భాగించాలి. 2.5ను 150తో భాగిస్తే సుమారు 0.017 ఆంపియర్లు, అంటే 17 మిల్లీ ఆంపియర్లు. ఇలాంటి చిన్న ఎల్.ఇ.డి.లు సాధారణంగా 20 మిల్లీ ఆంపియర్లు తట్టుకుంటాయి. కనుక దీపానికి ప్రమాదం లేదు. తెల్ల దీపానికి మిగిలేది 1.5 వోల్టులు. కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు. అదీ చక్కగా వెలుగుతుంది.

చేసే విధానం

ఎల్.ఇ.డి. పొడవు కాలు ధన ధ్రువం. పాత దీపాల కాళ్లు కత్తిరించి ఉంటాయి. అప్పుడు గుండ్రని అంచును చూడండి. చదునుగా ఉన్న వైపు కాలు ఋణ ధ్రువం. సెల్లుల ధన ధ్రువం నుంచి తీగను నిరోధకానికి, నిరోధకం రెండో కొసను దీపం ధన కాలికి, దీపం ఋణ కాలిని సెల్లుల ఋణ ధ్రువానికి కలపండి. తీగలను గట్టిగా మెలిపెట్టి అట్టపై టేపుతో అంటించండి. దీపం వెలగకపోతే దాని కాళ్లను తారుమారు చేసి చూడండి. డయోడ్ ఒకే దిశలో కరెంటును పోనిస్తుంది.

రెండు దీపాలు కలిపితే?

ఎరుపు, తెలుపు దీపాలను పక్కపక్కన సమాంతరంగా పెట్టి, రెండింటికీ ఒకే నిరోధకం వాడి చూడండి. ఎరుపు వెలుగుతుంది, తెలుపు వెలగదు! ఎర్ర దీపం తన చివరల మధ్య వోల్టేజీని 2 దగ్గరే నిలుపుతుంది. తెల్లదానికి అది చాలదు. ఇప్పుడు ఒక్కో దీపానికి ఒక్కో నిరోధకం ఇవ్వండి. రెండూ వెలుగుతాయి. ఒకదాన్ని తీసేసినా రెండోది ఆరదు. రైలు పెట్టెలోనూ దీపాలను సమాంతరంగానే కలుపుతారు. ఒక దీపం పోతే పెట్టె అంతా చీకటి కాకూడదు కదా!

ఇవి చేయకండి

గోడలోని ప్లగ్గుకు ఈ దీపాన్ని ఎన్నడూ కలపకండి. చార్జర్లు, టీవీలు, సి.ఎఫ్.ఎల్. బల్బులు, కెమెరా ఫ్లాష్‌లు విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా వాటిలోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండి షాకు కొట్టవచ్చు. సి.ఎఫ్.ఎల్.లో పాదరసం కూడా ఉంటుంది. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ బ్యాటరీలను విప్పినా, గుచ్చినా అంటుకుంటాయి. మిగిలిన బోర్డులను చెత్తలో వేయకుండా, కాల్చకుండా ఈ-వ్యర్థాలను తీసుకునే చోట ఇవ్వండి.

మీరే చేసి చూడండి

వాడి వాడి 1.2 వోల్టులకు పడిపోయిన సెల్లులు మూడు తీసుకోండి. మొత్తం 3.6 వోల్టులు. ఎర్ర దీపంలో ఎంత కరెంటు? తెల్లదానిలో ఎంత? ముందు నోటు పుస్తకంలో లెక్క కట్టండి. ఏది కాంతివంతంగా ఉంటుందో రాసుకుని, ఆ తరువాతే తీగలు కలపండి. మీ లెక్క సరైనదో కాదో దీపమే చెబుతుంది.